ఓటరు ప్రశ్నలు: అడగకుండా వెనక్కి వెళ్లిపోకండి

పోలింగ్ రోజు బూత్‌లో ఏం జరుగుతుందో తెలుసుకోవాలనుకునే వాళ్లు ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాలన్నీ చదివాను. చాలా వాటిలో ప్రశ్న వెనకాల ఒక భయం కనపడింది. అక్కడ ఎవరైనా కాదంటే ఏం చేయాలి అని. అందుకే జవాబులు కాస్త వివరంగానే రాస్తున్నాను.

నేను సర్కారు హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. నాకు మొదటి ఎన్నికల డ్యూటీ 1994లో పడింది, చివరిది 2019లో. మొదట్లో పోలింగ్ ఆఫీసరుగా, తరవాత ప్రిసైడింగ్ ఆఫీసరుగా, అంటే బూత్ మొత్తానికి బాధ్యత వహించే అధికారిగా వెళ్లాను. అప్పటి బ్యాలెట్ పెట్టెలూ చూశాను, వేసిన ఓటుని చీటీ మీద చూపించే ఇప్పటి వీవీప్యాట్‌లూ చూశాను.

*ప్రశ్న: టీచర్‌గారూ, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈసారే మొదటి ఓటు. లోపలికి వెళ్లాక ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏం చేయాలి? పొరపాటు చేస్తే అందరూ నవ్వుతారేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక విద్యార్థిని, తెనాలి*

ఎవరూ నవ్వరమ్మా. రోజుకి వెయ్యి మంది దాకా వచ్చిపోయే చోట ఒక్కరిని చూసి నవ్వే తీరిక ఎవరికీ ఉండదు. పైగా మొదటిసారి వచ్చే పిల్లల్ని చూస్తే డ్యూటీలో ఉన్నవాళ్లకి ముచ్చటేస్తుంది.

బడి ఆవరణలోకి రాగానే బీఎల్ఓ, అంటే ఆ బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారి, ఒక బల్ల వేసుకుని కూర్చుని ఉంటారు. ఇంటికి రావాల్సిన ఓటరు స్లిప్పు రాకపోయినా, పోగొట్టుకున్నా అక్కడ మీ పేరు వెతికించుకోవచ్చు. మీ జాబితా భాగం నంబరు, అందులో మీ క్రమసంఖ్య తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఒకే బడిలో నాలుగైదు బూత్‌లుంటాయి. సరైన గది తెలుసుకోకుండా వరసలో గంట నిలబడి, తీరా గుమ్మం దగ్గరికొచ్చాక "మీది పక్క గది" అనిపించుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లని చూశాను. ముందు గది నంబరు చూసుకోండి, ఆ తరవాతే వరసలో నిలబడండి. గోడకి అభ్యర్థుల జాబితా కూడా అంటించి ఉంటుంది. మీరు వేయాలనుకున్న వారి నంబరు అక్కడే చూసి పెట్టుకోండి. ఒక యంత్రం మీద 16 పేర్లే పడతాయి, అంతకు మించితే రెండోది కలుపుతారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది నిలబడ్డారు. బూత్‌కి పన్నెండు యంత్రాలు పెట్టాల్సి వచ్చింది. అలాంటి చోట నంబరు తెలియకుండా లోపలికి వెళ్తే వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

గదిలో మొదటి బల్ల దగ్గరున్న ఆఫీసరు మీ కార్డు చూసి, జాబితాలో మీ పేరు పట్టుకుని, క్రమసంఖ్యా పేరూ గట్టిగా చదువుతారు. అలా చదవగానే ఉలిక్కిపడకండి. పార్టీల ఏజెంట్లు వెనక కూర్చుని ఉంటారు, వాళ్లకి వినపడాలనే చదువుతారు. వాళ్ల దగ్గరా అదే జాబితా ఉంటుంది. మనిషి వేరైతే అభ్యంతరం చెప్పాల్సింది అప్పుడే.

రెండో బల్ల దగ్గర సిరా. ఎడమచేతి చూపుడు వేలు చాపండి. వేలికి నూనె గానీ, జిడ్డు గానీ ఉంటే గుడ్డతో తుడిచి మరీ పెడతారు. గోరు పైనుంచి మొదటి కణుపు దాకా ఒక గీత. మేం డ్యూటీల్లో చేరిన కొత్తలో గోటి దగ్గర చుక్క పెట్టేవాళ్లం, తరవాత గీతగా మారింది. సిరా పెట్టాకే రిజిస్టరులో సంతకం చేయించుకుంటారు. ముందు సంతకం, తరవాత సిరా ఎందుకు కాదని నేనూ ట్రైనింగులో అడిగాను. సంతకం చేసేలోపు సిరా ఆరాలి, అదీ కారణం. అందులో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది. పెట్టినప్పుడు ఊదాగా ఉండి, వెలుతురు తగిలేకొద్దీ నల్లబడుతుంది. 1962 ఎన్నికల నుంచీ ఆ సిరా మైసూరు నుంచే వస్తోంది. సిరా వద్దంటే ఓటు వేయనివ్వరు. పెళ్లి ఫొటోల కోసమని బతిమాలిన అమ్మాయిలున్నారు, కానీ అందులో మా చేతిలో ఏమీ ఉండదు.

అక్కడ ఒక చిన్న చీటీ ఇస్తారు. దాన్ని మూడో ఆఫీసరుకి ఇవ్వండి. ఆయన వేలి మీద సిరా ఉందో లేదో చూసి, తన ముందున్న కంట్రోల్ యూనిట్ మీద బ్యాలెట్ బటన్ నొక్కుతారు. అప్పుడే, ఓటు రహస్యంగా వేయడానికి పెట్టిన చాటు వెనకున్న యంత్రంలో పచ్చలైటు వెలుగుతుంది. పచ్చలైటు చూసుకున్నాక మీరు ఎంచుకున్న గుర్తు పక్కన నీలం బటన్ నొక్కండి. ఆ పేరు పక్కన ఎర్రలైటు వెలుగుతుంది, పక్కనున్న వీవీప్యాట్ అద్దంలో చీటీ కనపడుతుంది, చివర్లో పొడుగ్గా బీప్ వస్తుంది. బీప్ వినపడేదాకా అక్కడే ఉండండి. రాకపోతే ఆ చాటులోంచి బయటికి రాకుండానే, "మేడమ్, శబ్దం రాలేదు" అని పిలవండి.

అసెంబ్లీకీ లోక్‌సభకీ కలిపి జరిగితే, ఆంధ్రప్రదేశ్‌లో 2024 మే 13న జరిగినట్టు, రెండు చాట్లు, రెండు ఓట్లు. తెల్ల కాగితం ఉన్న యంత్రం లోక్‌సభది, గులాబీది అసెంబ్లీది. ఒకటి వేసి అయిపోయిందనుకుని గుమ్మం దాటబోయిన వాళ్లని నేనే వెనక్కి పిలిచాను. అందరినీ పిలవడం కుదరదు కదా, మీరే గుర్తుపెట్టుకోండి.

*ప్రశ్న: ఓటరు కార్డు ఉంది గానీ అందులో నా ఇంటిపేరు తప్పు పడింది. మా తమ్ముడికి కార్డు ఉన్నా జాబితాలో పేరే లేదంటున్నారు. మా ఇద్దరికీ ఓటు ఉన్నట్టా లేనట్టా? – ఒక పాఠకుడు, సూర్యాపేట*

మీకు ఉంది. అక్షరం అటూ ఇటూ అయినంత మాత్రాన ఓటు పోదు. ఆ మనిషి మీరేనని తేలితే చిన్న చిన్న తప్పుల్ని పట్టించుకోకూడదని ఎన్నికల సంఘమే చెప్పింది. కార్డులో ఫొటో మరీ పోల్చుకోలేనట్టుంటే మాత్రం ఇంకో గుర్తింపు కావాలి. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్కు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న పింఛను కాగితం, దివ్యాంగుల యూడీఐడీ కార్డు, వీటిలో ఏదైనా పనికొస్తుంది. ఇంటికి వచ్చే ఓటరు స్లిప్పు మాత్రం గుర్తింపుగా చెల్లదు. ఇది 2019 నుంచీ ఉన్న నియమమే అయినా, ఆ స్లిప్పు ఒక్కటే పట్టుకుని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మీ తమ్ముడి విషయం వేరు. చేతిలో కార్డు ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు. ఆ రోజు ప్రిసైడింగ్ ఆఫీసరు కాళ్లావేళ్లా పడినా చేర్చలేరు. ఆ అధికారం మాకు లేదు. నామినేషన్ల ఆఖరి రోజు దాటాక జాబితాలో కొత్త పేరు చేరదు. అందుకని ఇప్పుడే ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేసి గానీ, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో గానీ చూసుకుని, లేకపోతే ఫారం 6 పెట్టమనండి. మీరు ఇంటిపేరు సరిచేయించుకోవాలంటే ఫారం 8. ఊరు మారినప్పుడు పెట్టేదీ అదే.

ఇంకో సంగతి. ఊళ్లో లేరనో, వేరే చోటికి వెళ్లిపోయారనో కొందరి పేర్లతో మాకు విడిగా ఒక జాబితా ఇస్తారు. పని కోసం హైదరాబాదో బెంగళూరో వెళ్లినవాళ్ల పేర్లు అందులో ఎక్కువ. ఆ జాబితాలో పేరుందని ఓటు ఆపకూడదు. గుర్తింపు గట్టిగా చూస్తారు, సంతకంతో పాటు వేలిముద్ర కూడా తీసుకుంటారు, అంతే. "మీరు ఊళ్లో లేరని రాసుంది" అనగానే బస్సెక్కి వెళ్లిపోకండి.

*ప్రశ్న: కిందటిసారి వెళ్లేసరికి నా ఓటు ఎవరో వేసేశారు. ఇంక చేసేదేమీ లేదని పంపేశారు. నిజంగానే చేసేదేమీ లేదా? – ఒక గృహిణి, నంద్యాల*

ఉందమ్మా. మీ ఉత్తరం చదివాక ఆ రోజంతా నాకు మరో పని మీద మనసు నిలవలేదు.

1994లో నా మొదటి డ్యూటీ ఒక పల్లెటూరి బడిలో. మధ్యాహ్నం పూట ఒక పెద్దావిడ పొలం నుంచి నేరుగా వచ్చింది. కాళ్లకి మోకాళ్ల దాకా బురద, ఇంకా ఆరలేదు. గుమ్మం దగ్గర ఆగి, గది పాడవుతుందని చీర కుచ్చెళ్లతో పాదాలు తుడుచుకుని మరీ లోపలికి అడుగుపెట్టింది. పేరు చెప్పింది. జాబితాలో ఆ పేరు మీద అప్పటికే ఎర్రసిరా గుర్తు పడి ఉంది. "నీ ఓటు పడిపోయిందమ్మా, వెళ్లు" అన్నారు మా ప్రిసైడింగ్ ఆఫీసరు. ఆవిడ వేలు చూపించింది. దాని మీద సిరా లేదు, మట్టి తప్ప. "నేను వెయ్యలేదు కదయ్యా" అని ఒక్కసారే అంది. ఆయన మళ్లీ తల ఎత్తలేదు. కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

ఆ ముందు రోజే ట్రైనింగులో నాకు టెండర్డ్ ఓటు గురించి చెప్పారు. ఇవ్వాల్సిన బ్యాలెట్ మా బల్ల మీదే ఉంది. కొత్తదాన్ని, పెద్దాయనకి ఎదురు చెప్పడమెలా అని నోరు మూసుకున్నాను. ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

నియమం ఇదీ. మీ పేరుతో ఇంకొకరు ఓటేసి వెళ్లినా, మీరు మీరేనని రుజువు చేసుకుంటే మీకు ఓటు ఇవ్వాల్సిందే. యంత్రం మీద కాదు, కాగితం బ్యాలెట్ ఇస్తారు. దాన్నే టెండర్డ్ బ్యాలెట్ అంటారు. బూత్‌లలో వాడుకగా టెండర్ ఓటు అంటాం. ప్రిసైడింగ్ ఆఫీసరు తండ్రి పేరు, ఇంటి నంబరు, వయసు లాంటివి అడుగుతారు. తృప్తిపడితే 17బీ అనే పట్టికలో మీ చేత సంతకం చేయించుకుని బ్యాలెట్ ఇస్తారు. చాటుకి వెళ్లి మీకు నచ్చిన గుర్తు మీద ముద్ర వేసి, మడిచి ఆయన చేతికే ఇవ్వాలి. అది పెట్టెలోకీ యంత్రంలోకీ వెళ్లదు, విడిగా ఒక కవరులోకి వెళ్తుంది.

2014లో నేనే ప్రిసైడింగ్ ఆఫీసరుగా ఉన్నచోట ఒక లారీ డ్రైవరుకి ఇలాగే జరిగింది. రెండు రోజులు బండి నడిపి ఓటు కోసమే వచ్చాడు. రిజిస్టరు తిప్పి చూస్తే అతని పేరు ఎదురుగా ఇంగ్లిషులో గొలుసుకట్టు సంతకం. "నాకు ఇంగ్లిషు రాదు మేడమ్" అని, లైసెన్సు మీద తెలుగులో చేసిన తన సంతకం చూపించాడు. ఏజెంట్లవైపు చూశాను, ఎవరూ నోరు మెదపలేదు. అందరికీ అతను తెలుసు. టెండర్డ్ బ్యాలెట్ ఇచ్చాను. మడిచి ఇస్తూ, "ఇది లెక్కలోకి వస్తుందా?" అని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. మామూలు లెక్కింపులో రాదు. ఎన్నిక మీద కోర్టులో కేసు పడి, కోర్టు చూడాలంటే అప్పుడు తెరుస్తారు. "నా పేరు మీద దొంగ ఓటు పడిందని కాగితం మీదికి ఎక్కింది కదా" అన్నాడు. అవును, ఎక్కింది. అతను వెనక్కి వెళ్లిపోయి ఉంటే ఆ సంగతి ఎక్కడా ఉండేది కాదు.

కాబట్టి ఈసారి అలా జరిగితే "నాకు టెండర్డ్ ఓటు ఇవ్వండి" అని ఆ మాటతోనే అడగండి. ఇవ్వకపోతే ఆ ఆవరణలోంచే 1950కి ఫోన్ చేయించండి. బూత్‌లు తిరిగే సెక్టార్ ఆఫీసరుకి చెప్పండి. చాలాచోట్ల ఆయన ఫోన్ నంబరు కూడా రాసి పెడతారు. ఇంకా ఒకటి: వీలైనంత పొద్దున్నే వెళ్లండి. దొంగ ఓట్లు సాధారణంగా మధ్యాహ్నం దాటాక, రాని వాళ్ల పేర్లు ఏవో తేలాకే పడతాయి. ఇది నా అనుభవంలో చూసిన మాట.

దీనికి తిరుగు వైపు కూడా చెప్పాలి. ఏ ఏజెంటైనా లేచి, ఈమె ఆ మనిషి కాదని అభ్యంతరం పెట్టొచ్చు. అందుకు అతను రెండు రూపాయలు కట్టాలి. ప్రిసైడింగ్ ఆఫీసరు అప్పటికప్పుడే విచారిస్తారు. అభ్యంతరం రుజువు చేయాల్సిన బాధ్యత ముందు అతనిదే. తేల్చలేకపోతే మీ ఓటు మీరు వేస్తారు. గదిలో అందరూ మీవైపే చూస్తుంటారు, ఇబ్బందిగానే ఉంటుంది. అయినా కదలొద్దు, తేలేదాకా అక్కడే నిలబడండి.

*ప్రశ్న: నేను నొక్కిన గుర్తు ఒకటైతే వీవీప్యాట్‌లో వేరేది కనపడితే ఎవరికి చెప్పాలి? ఆ చీటీ ఇంటికి తెచ్చుకోవచ్చా? – ఒక పాఠకుడు, కాకినాడ*

చీటీ చేతికి రాదు. అద్దం వెనక ఏడు సెకన్లు కనపడి, తెగి కింద పెట్టెలో పడిపోతుంది. ఏడు సెకన్లంటే తక్కువేమీ కాదు, కానీ బటన్ నొక్కగానే తల తిప్పేసుకుంటే తక్కువే. నంబరు, పేరు, గుర్తు, మూడూ చదవండి.

తేడా కనపడితే వెంటనే ప్రిసైడింగ్ ఆఫీసరుకి చెప్పండి. ఆయన ముందు ఒక హెచ్చరిక చేస్తారు: అబద్ధపు ఫిర్యాదైతే శిక్ష ఉంటుందని. ఆ హెచ్చరిక వినగానే చాలామంది "పోనీలెండి" అంటారు. మీరు కళ్లారా చూసిందైతే వెనకాడకండి. రాతపూర్వకంగా డిక్లరేషన్ తీసుకుని, ఏజెంట్ల ఎదుట మీ చేత ఒక పరీక్ష ఓటు వేయిస్తారు. తేడా నిజమైతే ఆ యంత్రం మీద పోలింగ్ అక్కడితో ఆపేసి, నియోజకవర్గం మొత్తం ఎన్నిక చూసే రిటర్నింగ్ ఆఫీసరుకి చెప్పాలి. నిజం కాకపోతే ఆ పరీక్ష ఓటుని లెక్కలోంచి తీసేయడానికి వీలుగా రాసిపెడతారు. ఏడు సెకన్లు అయిపోయి, బయటికెళ్లి, టీ తాగి, స్నేహితులతో మాట్లాడాక వచ్చి చెప్తే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

పోలింగ్ మొదలవడానికి గంటన్నర ముందే ఏజెంట్ల ముందు కనీసం 50 ఓట్లతో మాక్ పోల్, అంటే పరీక్ష పోలింగ్ చేస్తాం. యంత్రంలో లెక్క, చీటీల లెక్క సరిపోయాయని అందరికీ చూపించి, ఆ ఓట్లన్నీ చెరిపేసి, ఆ చీటీలు నల్లకవరులో పెట్టి సీలు వేస్తాం. తెల్లవారుజామున ఐదున్నరకి, నిద్రకళ్లతో చేసే పని అది. నాకు తెలిసి ఆ రోజు మొత్తంలో అతి జాగ్రత్తగా చేసే పని కూడా అదే.

*ప్రశ్న: మా అమ్మకి 82 ఏళ్లు. చూపు బాగా తగ్గింది, గుర్తులు పోల్చుకోలేదు. నేను పక్కన ఉండి వేయించొచ్చా? ఇంటికే వచ్చి ఓటు తీసుకుంటారట కదా? – ఒక కూతురు, హనుమకొండ*

ఇంటి దగ్గర ఓటు 85 ఏళ్లు దాటినవాళ్లకి, 40 శాతం పైగా వైకల్యం ఉన్న దివ్యాంగులకి. అమ్మగారికి చూపు విషయంలో అలాంటి ధ్రువపత్రం ఉంటే అడగొచ్చు. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు ఇంటి ఓటు కోరే 12డీ ఫారం బీఎల్ఓకి ఇవ్వాలి. ఆలోచించుకుని ఇవ్వండి. అది మంజూరైతే ఇంక బూత్‌కి వచ్చి వేయడానికి వీల్లేదు.

బూత్‌కి తీసుకొచ్చేట్టయితే మీరు తోడు వెళ్లొచ్చు. చూపు లేకపోయినా, శరీరం సహకరించకపోయినా 18 ఏళ్లు దాటిన ఒకరిని తోడు తీసుకెళ్లే హక్కు ఓటరుకి ఉంది. అమ్మ ఎవరికి వేయమంటే వారికే వేస్తాననీ, అది బయటికి చెప్పననీ మీరు సంతకం పెట్టాలి. ఒకరికి తోడు వెళ్లినవాళ్లు అదే రోజు ఇంకొకరికి వెళ్లకూడదు. చదువు రాదన్న కారణం ఒక్కటే చెప్తే ఒప్పుకోరు. గుర్తులు ఉన్నదే అందుకు. ఆఫీసర్లు ఎవరూ చాటు వెనక్కి రాకూడదు, కావాలంటే బయటే నమూనా చూపించి ఎలా నొక్కాలో చెప్తారు. పూర్తిగా చూపు లేనివాళ్లు ఒంటరిగా వేయాలనుకుంటే బటన్ల పక్కన బ్రెయిలీ అంకెలుంటాయి.

వరసలో నిలబెట్టకండి. పెద్దవాళ్లకీ, చంటిపిల్లల తల్లులకీ ముందు దారి ఇవ్వాలి. గుమ్మం దగ్గర పోలీసు కానిస్టేబుల్‌కి చెప్తే చాలు. పార్టీవాళ్లు పంపిన ఆటో మాత్రం ఎక్కించకండి. అభ్యర్థి తరఫున ఓటర్లని బండిలో తరలించడం నేరం. అమ్మని ఆ గొడవలోకి లాగడం ఎందుకు?

ఒక్క మాట. అమ్మని ముందే, ఇంట్లోనే, మీరిద్దరే ఉన్నప్పుడు అడగండి, ఎవరికి వేయాలో. చాటు వెనక నిలబడి "ఎవరికే?" అని కూతురు గట్టిగా అడగడం, ఆవిడ గట్టిగా పార్టీ పేరు చెప్పేయడం, గదంతా వినడం నాకు ఎన్నిసార్లు ఎదురైందో. ఆ ఓటు రహస్యం ఆవిడది.

*ప్రశ్న: బట్టల షాపులో పనిచేస్తాను. సెలవిస్తే జీతం కోస్తామంటున్నారు. – ఒక పాఠకుడు, విజయవాడ*

కోయకూడదు. పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు చట్టం ఇచ్చింది, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 135బీ. దినకూలీకీ వర్తిస్తుంది. మీ ఓటు వేరే ఊళ్లో ఉన్నా వర్తిస్తుంది. జరిమానా 500 రూపాయలే కాబట్టి యజమానులు పెద్దగా భయపడరని నాకు తెలుసు. అందుకే సెక్షన్ పేరు కాగితం మీద రాసి, ముందు రోజే మర్యాదగా చూపించండి. చాలాచోట్ల అక్కడితోనే పని అవుతుంది. కాకపోతే కార్మిక శాఖకీ, 1950కీ చెప్పండి.

*ప్రశ్న: ఆధార్ నా ఫోన్‌లోనే ఉంది. ఫోన్ తీసుకెళ్లొచ్చా? – ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, కరీంనగర్*

బూత్‌లోకి వద్దు బాబూ. ఫోన్లు బయట పెట్టి వెళ్లే ఏర్పాటు చేయాలని 2025లో ఎన్నికల సంఘం చెప్పింది. బిహార్ ఎన్నికల్లో అమలు చేశారు కూడా. అయినా కార్డు చేతిలో పట్టుకుని వెళ్లడమే మేలు. ఓటేస్తూ ఫొటో తీసుకోవడం నేరం. ఎవరికి వేశావో బయటపెట్టేలా ప్రవర్తిస్తే ఓటు వేయనివ్వకుండా ఆపే అధికారం కూడా ప్రిసైడింగ్ ఆఫీసరుకి ఉంది. వేలి ఫొటో బయటికొచ్చాక ఎన్నయినా తీసుకో.

*ప్రశ్న: సర్పంచ్ ఎన్నికల్లో బ్యాలెట్ పేపరు ఇచ్చారు. మడతపెట్టాక సిరా పక్క గుర్తుకి అంటింది. నా ఓటు చెల్లిందో లేదోనని ఇప్పటికీ బెంగ. – ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్ జిల్లా*

యంత్రాలు వచ్చాక మనం మర్చిపోయిన విద్య ఇది. తెలంగాణలో 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో సర్పంచ్‌కి గులాబీ బ్యాలెట్, వార్డు సభ్యుడికి తెల్లది ఇచ్చారు. పోలింగ్ కూడా మధ్యాహ్నం ఒంటిగంట దాకానే, రెండు గంటలకి లెక్కింపు మొదలు. ఆరు దాకా ఉంటుందనుకుని ఆలస్యంగా వెళ్తే అంతే సంగతులు.

ముద్ర గుర్తు మధ్యలో పడాలి, గీత మీద కాదు. ముద్ర వేశాక కాస్త ఊదండి. ముందు నిలువుగా మడవాలి, ఆ తరవాత అడ్డంగా. నిలువుగా మడిచినప్పుడు ముద్ర ఉన్న గడి తన ఎదురుగా ఉన్న భాగానికే తగులుతుంది, కింది అభ్యర్థి మీదికి పోదు. ముందే అడ్డంగా మడిస్తే పైవారి ముద్ర కిందివారి గుర్తుకి అంటుతుంది. మీకు జరిగింది అదే అయ్యుంటుంది. రబ్బరు స్టాంపు బదులు వేలిముద్ర వేసినా, అభిమానం కొద్దీ సంతకం పెట్టినా ఆ ఓటు చెల్లదు. ముద్ర వేయకముందే బ్యాలెట్ చిరిగినా, పొరపాటున పాడైనా పెట్టెలో వేసేయకండి. ప్రిసైడింగ్ ఆఫీసరుకి తిరిగి ఇచ్చి కొత్తది అడగండి.

*ప్రశ్న: డ్యూటీ దిగి వచ్చేసరికి సాయంత్రం ఐదున్నర దాటుతుంది. వరసలో ఉండగానే ఆరు కొడితే తలుపులు మూసేస్తారా? – ఒక నర్సు, ఒంగోలు*

మూసేయరు. ఆరు గంటలకి వరసలో ఉన్న ప్రతి ఒక్కరూ ఓటు వేసేదాకా పోలింగ్ జరగాల్సిందే, రాత్రి ఎంతయినా సరే. మీరు ఆరుకి ఒక్క నిమిషం ముందు వరస చివర నిలబడినా చాలు.

ఆ సమయానికి ప్రిసైడింగ్ ఆఫీసరు నంబర్లు వేసి సంతకం చేసిన చీటీలు పంచుతారు. వరస మొదటి నుంచి కాదు, చివరి నుంచి. చివరి మనిషికి ఒకటో నంబరు, ఆ ముందు మనిషికి రెండు, అలా గుమ్మం దాకా. ఎందుకంటే ముందు నుంచి పంచుకుంటూ వస్తే ఈలోపు వెనక ఇంకా జనం చేరుతూనే ఉంటారు.

2019 ఏప్రిల్ 11న నాకు ఆ పని పడింది. పొద్దున యంత్రం మొరాయించి మా బూత్ ఆలస్యంగా మొదలైంది. ఆరయ్యేసరికి వరస బడి ప్రహరీ చుట్టూ తిరిగి చింతచెట్టు దాకా ఉంది. చీకటి పడుతోంది. చీటీల కట్ట పట్టుకుని, ఒక కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని చెట్టు దగ్గరికి నడిచాను. చివర్లో మీలాగే ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక ఆయా ఉంది, నీలం చీర మీదే. చేతిలో ఒకటో నంబరు చీటీ పెడితే, "ఒకటంటే నేనే ముందా అమ్మా?" అంది. కాదమ్మా, నువ్వే ఆఖరు, నీ తరవాత ఇంకెవరూ రారు, నువ్వు వేసేదాకా నేను యంత్రం మూయను అన్నాను. కానిస్టేబుల్‌ని ఆమె వెనకాలే నిలబెట్టాను. నా చేతిలో మిగిలిన చీటీలు పంచుకుంటూ గుమ్మం దాకా వచ్చేసరికి నూట నలభై దాటాయి.

చీటీ పోగొట్టుకోకండి. నీళ్ల కోసమో, కూర్చోడానికో పక్కకి వెళ్లినా అది చూపిస్తే మీ చోటు మీదే. ఆకలేస్తుంది, ఏదైనా తిని వెళ్లండి. మా బూత్‌లో ఆ ఆయా ఓటు వేసేసరికి రాత్రి తొమ్మిదీ ఇరవై అయింది. ఆమె బీప్ విన్నాకే క్లోజ్ బటన్ నొక్కాను.